ఆరో మడి ఊపిరి

మసాచుసెట్స్ అడవంతా మోకాలి లోతు మంచులో ఉన్నా ఆరో మడి మీద మాత్రం మంచు నిలవలేదు. మట్టి కింద పాతిన వేడి తీగలు ముప్పై ఏళ్లుగా ఆ నేలని పక్క నేల కన్నా అయిదు డిగ్రీలు వెచ్చగా ఉంచుతున్నాయి. ఆ వెచ్చదనానికి కంటికి కనపడని మట్టిజీవులు ఆవురావురుమని తిని ఎంత ఊపిరి వదులుతున్నాయో మీటరు పెట్టి కొలవడం లినియా పని. అంతకుముందు ఆమె భర్త ఓరిన్ పని.

ఈ పరిశోధనకి నిధులు ఆగిపోయాయి. ఈ సాయంత్రం కరెంటు కట్టేయాలి.

"త్వరగా కానీ అమ్మాయ్, కాళ్లు కొయ్యబారుతున్నాయి," అన్నాడు ముసలి ఎలక్ట్రీషియన్ థాడియస్. "మీ ఆయనైతే ఆ మీటరుకి కూడా ఉన్ని టోపీ తొడిగేవాడు."

లినియా నవ్వబోయి ఆగింది. ఆఖరి వారమంతా ఓరిన్‌ది ఒకటే మాట. చలి. ఎన్ని దుప్పట్లు కప్పినా చలి. అందుకే అతని బూడిదని ఎవరికీ చెప్పకుండా ఈ మట్టిలో కలిపేసింది. కొలిచే నేలలో పరాయిది గుప్పెడు కూడా కలపకూడదని తెలియక కాదు. ఈ అడవిలో చలికాలం తగలని చోటు ఇదొక్కటే.

"కట్టెయ్ తాతా," అంది.

టక్.

మట్టి ఊపిరిని పట్టే మూత బోర్లించి, దానికి తగిలించిన మీటరు చూసింది. నేల చల్లారేకొద్దీ అంకె మెల్లగా దిగాలి. ఎగిసింది... పడింది... మళ్లీ ఎగిసింది. ప్రతి మూడో ఊపిరి దగ్గరా చిన్న తడబాటు. మంచం పక్కన కూర్చుని రాత్రంతా విన్న తడబాటే.

"ఓరిన్..."

అంకె సున్నాకి వచ్చింది. సున్నా దాటి కిందికి పోయింది. ఒక్క పచ్చటి ఆకు లేని నేల... ఊపిరి పీల్చుకుంటోంది.

లినియా చేతితొడుగు తీసి అరచెయ్యి మట్టికి ఆనించింది. "చలేస్తోందా? నేనున్నాగా," అని గుసగుసలాడింది. అంకె ఇంకా దిగుతోంది. చెయ్యి మొద్దుబారింది. తీయాలనిపించలేదు.

"ఎవరితోనమ్మా మాటలు?" థాడియస్ టార్చి వేశాడు. వెలుగులో అతని నోటి ముందు తెల్లటి ఆవిరి.

"ఎవరూ లేరు తాతా. వస్తున్నా."

థాడియస్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"లినియా... నీ నోట్లోంచి ఆవిరి రావట్లేదేంటి?"