సున్నా కింద దాచిన గ్యాసు

2051 జూలై 14, శుక్రవారం. గిద్దలూరులో తెల్లవారినప్పటి నుంచి మబ్బు పట్టి ఉంది గాని చినుకు లేదు. నల్లమల మీది నుంచి వీచే గాలికి దుమ్ము లేచి, ఉదయిని మోటార్స్ షెడ్డు ముందు బారు తీరిన వ్యాన్ల అద్దాలన్నీ ఎర్రబడ్డాయి.

షెడ్డు లోపల డాక్టర్ దాట్ల హైమావతి ఒక వ్యాను ట్యాంకుకు సన్నని గొట్టం తగిలించి, అందులోని హైడ్రోజన్‌ను కొంచెం కొంచెంగా బయటికి వదులుతోంది. స్టీరింగ్ వెనకున్న గేజి మీద అంకె దిగుతోంది. మూడు, రెండు, ఒకటి, సున్నా. సున్నా పడగానే మోటారు ఆగిపోయింది.

"చూశారుగా. ఇకనుంచి సున్నా అంటే సున్నానే" అంది ఆమె, చుట్టూ మూగిన డ్రైవర్లతో.

డ్రైవర్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. దూదేకుల కాశింవలి, ఆ వ్యాను సొంతదారు, మోకాళ్ల మీద వంగి ట్యాంకు అడుగున తట్టాడు.

"ఆ మూలన ఇంకొంచెం ఉంటది లేమ్మా" అన్నాడు.

ఎందుకు ఉంటుందనుకున్నాడో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. పెట్రోలు రోజుల్లో మనకు గేజితో అంత పని ఉండేది కాదు. స్కూటరును రెండు చేతులా పట్టి ఊపితే లోపల గళగళ వినపడేది. అది ఆగిపోతే బండిని పక్కకు వంచి, మూలనున్న నాలుగు చుక్కలతో బంకు దాకా పోయేవాళ్లం. హైడ్రోజన్ అట్లా కాదు. కంటికి కనపడదు, ఊపితే పలకదు. ఎంత ఉందో గేజి చెప్పాల్సిందే, మనం నమ్మాల్సిందే.

అందుకని ఉదయిని కంపెనీ కోసం హైమావతి ఒక తెలివైన గేజి తయారుచేసింది. ఎవరూ అడవిలో చిక్కుకుపోకూడదని, ట్యాంకులో కొంత గ్యాసు మిగిలి ఉండగానే అది సున్నా చూపిస్తుంది. డ్రైవరు భయపడి బంకుకు పోతాడు. అంతవరకు మంచి ఆలోచనే. కానీ మనవాళ్లు నెల తిరక్కముందే కనిపెట్టేశారు. సున్నా పడ్డాక కూడా బండి నడుస్తోంది. గేజి కూడా ఊరుకోలేదు, నేర్చుకునే యంత్రం కదా, డ్రైవరు భయపడటం మానేశాడని గమనించి ఇంకొంచెం ముందే సున్నా చూపించింది. డ్రైవరు ఇంకొంచెం మొండికేశాడు. రెండేళ్లు ఇద్దరూ ఇట్లా పోటీపడి, చివరికి సగం ట్యాంకు ఉండగానే సున్నా పడే స్థితికి వచ్చారు. జిల్లా జిల్లా అంతా సున్నా మీదే తిరిగింది.

ఇందులో ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. గోడ గడియారం పది నిమిషాలు ముందుకు తిప్పి పెట్టుకుని, అది పది నిమిషాలు ముందుందని గుర్తుపెట్టుకుని, ఆ పది నిమిషాలూ కుర్చీలో కూర్చునే జనం మనం. ఏడింటికి ముహూర్తమని శుభలేఖలో అచ్చువేస్తే తొమ్మిదింటికని చదువుకుంటాం.

కాశింవలి అదే అడిగాడు. "మీ ఇంట్లో గడియారం సరిగ్గా ఉంటదామ్మా?"

హైమావతి నవ్వింది. "లేదు. పావుగంట ముందుంటుంది."

"మరింకేం" అన్నాడు కాశింవలి.

"అది గడియారం కాశిం గారూ. ఇది సాఫ్ట్‌వేర్. దాచేది మొత్తం తీసేశాను. నా మాట నమ్మండి."

"నమ్ముతా. కానీ రేపు నేను దారిలో నిలబడిపోతే మీకే చెడ్డపేరు. అందుకని అడుగున కొంచెం ఉంచే ఉంటారు. మీరు మంచోళ్లు."

ఆమె తల పట్టుకుంది. కానీ తప్పు కాశింవలిది కాదు, ఆమెది కూడా కాదు. కంపెనీ దేశమంతటా ఆ వ్యాన్లను వెనక్కి పిలిపిస్తూ ఒక ప్రకటన ఇచ్చింది. "ఇంధన గేజిలో స్వల్ప తేడా గుర్తించాం. ఉచితంగా సరిచేస్తాం." అంతే. ఎటు తేడా? ఎక్కువ చూపిందా, తక్కువ చూపిందా? ఆ ముక్క లేదు. పెద్దక్షరాల్లో "ఇకపై సున్నా తర్వాత బండి కదలదు" అని హైమావతి ఒక వాక్యం రాసి ఇస్తే, కంపెనీ లాయర్లు దాన్ని కొట్టేశారు. అది రాస్తే ఇంతకాలం అబద్ధం చూపించామని ఒప్పుకున్నట్టవుతుందట. ప్రాణాలు మోసే బండికి సంబంధించిన ఒకే ఒక్క పనికొచ్చే మాటను, చదువుకున్న పెద్దమనుషులు బల్ల చుట్టూ కూర్చుని, కాఫీ తాగి, చెరిపేశారు. ఆమె ఊరూరా షెడ్లకు తిరిగి నోటితో చెప్పుకుంటోంది. నోటిమాట ఎంతమందికని చేరుతుంది?

సోమవారం పొద్దున కాశింవలి వ్యానులో తుపాకుల చెన్నరాయుడిని పడుకోబెట్టారు. ముసలాయనకు ఊపిరితిత్తులు పాడయ్యాయి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. పిల్లల్లేరు. భార్య పోయాక వంటకొచ్చిన గురవమ్మే పంతొమ్మిదేళ్లుగా ఆయనకు అన్నం పెడుతోంది, ఒళ్లు తుడుస్తోంది, తిట్లు పడుతోంది, తిరిగి తిడుతోంది. ఆమెకు వేరే ఇల్లు లేదు. ఇల్లూ నిమ్మతోటా ఆమె పేర పెట్టాలని ఆయన పట్టుదల. ఆ రోజులకు కాగితం వీలునామా చెల్లడం మానేసింది. మనిషి స్వయంగా పోయి, యంత్రం ముందు కూర్చుని, తన గొంతుతో చెప్పాలి. ఆ యంత్రం నంద్యాల రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉంది. పదకొండు గంటలకు రమ్మన్నారు.

గిద్దలూరు బంకు దగ్గర పెద్ద క్యూ ఉంది. గేజి మీద పది శాతం అని ఉంది.

"నింపుకో అబ్బయ్యా" అంది గురవమ్మ.

"పది ఉండాది గదత్తా. నల్లమల ఘాటు దాటి నంద్యాలలో కొట్టిద్దాం."

"అడవిలో ఆగితే ఎవుడ్ని పిలుస్తావు?"

వెనక నుంచి చెన్నరాయుడు గొట్టం పక్కకు లాగి మరీ కలగజేసుకున్నాడు. "దాని మాట వినొద్దురా కాశిం. ఉప్పు డబ్బా నిండుగా ఉన్నా అయిపోయిందనే రకం. సున్నా తర్వాతే గదా నీ బండి నడిచేది."

"గొట్టం పెట్టుకో ముందు" అంది గురవమ్మ.

ఘాటు సగం ఎక్కాక సున్నా పడింది. కాశింవలి పట్టించుకోలేదు. మలుపు తిరగకముందే మోటారు ఆగింది. అతను తాళం తిప్పాడు, మళ్లీ తిప్పాడు. కిందికి దిగి ట్యాంకు తట్టాడు.

పెట్రోలు కాలమైతే వెనకొచ్చే లారీవాడు పైపు పెట్టి నోటితో పీల్చి, ఒక సీసాడు ఇచ్చి పోయేవాడు. హైడ్రోజన్‌ను సీసాలో పట్టలేం. వెనక ఇంకో ఉదయిని వ్యాను వచ్చి ఆగింది. గ్యాసు అయిపోయి ఆగింది. పై మలుపులో ఎదురుగా వస్తూ మరొకటి. ఆ వారం సరిచేసిన బండ్లన్నీ, దాచిన గ్యాసు ఉందన్న ధీమాతో బయల్దేరినవే. ఇరుకు రోడ్డు రెండు వైపులా మూసుకుపోయింది. బస్సు రాలేదు, అంబులెన్సు రాలేదు, ఆ లోయలో ఫోను పలకలేదు.

మధ్యాహ్నానికి వెంట తెచ్చిన ఆక్సిజన్ అయిపోయి చెన్నరాయుడి పెదాలు నీలంగా మారాయి. డ్రైవర్లనందరినీ పిలవమన్నాడు. వాళ్లు తలుపు దగ్గర గుంపుగా నిలబడ్డారు.

"ఇల్లూ తోటా గురవమ్మవి. విన్నారా?" అన్నాడు.

"విన్నాం తాతా" అన్నారు అందరూ.

"ఇప్పుడెందుకా మాటలు. పొద్దుగూకేలోపు మనమే పోతాం గదా ఆఫీసుకు" అంది గురవమ్మ, ఆయన మొహం మీది చెమట తుడుస్తూ.

క్రేను వచ్చి దారి తీసేసరికి ఆఫీసు మూసేశారు. నంద్యాల పెద్దాసుపత్రిలో తెల్లారకముందే చెన్నరాయుడు పోయాడు.

డ్రైవర్లు మాట తప్పలేదు. అందరూ పనులు మానుకుని ఆఫీసుకు పోయి విన్నది విన్నట్టు చెప్పారు. అధికారి మర్యాదగానే విన్నాడు. మనుషులు అబద్ధం చెప్పొచ్చు కాబట్టి యంత్రం ముందు చెప్పిందే చెల్లుతుందని వివరించాడు. రెండేళ్లపాటు రోజూ అబద్ధం చూపించిన యంత్రం సంగతి అక్కడెవరూ ఎత్తలేదు.

ఘాటులో బండ్లు ఆగిపోయినదాని మీద విచారణ జరిగింది. ఆ సోమవారం కాశింవలి గేజి సరిగ్గా చూపిందా అని కంపెనీ లాయరు అడిగాడు. చూపింది, గ్రాము కూడా తేడా లేదు అంది హైమావతి. ప్రకటనలో మీరు కొట్టేసిన వాక్యం గురించి కూడా అడగండి అంది. ప్రశ్నకు సంబంధం లేని జవాబని దాన్ని రికార్డు నుంచి తీసేశారు. వ్యాన్లను వెనక్కి పిలిపించి సరిచేయడం పూర్తిగా విజయవంతమైందని నివేదిక వచ్చింది. ఆమె ఉద్యోగం వదిలేసింది. కాశింవలి బండి అమ్మేశాడు.

ఇల్లు చెన్నరాయుడి అన్న పెద్దకొడుక్కి పోయింది. ఒంగోలులో ఉంటాడు, చావుకు కూడా రాలేదు. నిమ్మతోట రెండోవాడికి. బోరు మోటారు ఎవరిదన్న దాని మీద అన్నదమ్ములు ఇప్పటికీ కోర్టులో ఉన్నారు. గురవమ్మకు ఏమీ రాలేదు.