నెలవంక చెప్పని బుధవారం

“శివప్రసాద్‌ని చంపేస్తారు. ఎప్పుడన్నదే తెలీదు,” అన్నాడు చీఫ్ రామ్మోహన్.

రాజధాని శివారు గంగాలిన్‌లో లైట్ రెయిల్ స్టాప్ ఎదుటి బిల్డింగ్, మూడో అంతస్తు. తలుపు మీద ఐటీ కంపెనీ పేరు. లోపల జరిగేది గూఢచారుల పని. ఏజెంట్ కిరణ్మయి ఫైల్ తెరిచింది. శివప్రసాద్‌ది తెనాలి. ఒమన్‌లో సోహార్ రేవులో పదహారేళ్ళుగా కంట్రోల్ రూమ్ ఇంజనీర్. ఫ్రిజ్ కంప్రెసర్ల పేరుతో మెల్‌బోర్న్‌కు మిసైల్ భాగాలు పంపుతున్న విదేశీ ముఠా గుట్టు మనకు చెప్పింది అతనే. ఇప్పుడు ముఠాకు అతని పేరు తెలిసిపోయింది.

“అక్కడ మనకెవరున్నారు సార్?”

“నదీన్. ఈవెంట్ మేనేజర్. ఎనిమిదేళ్ళుగా సోహార్‌లోనే ఉంటోంది. అతన్ని బయటికి తెచ్చే ప్లాన్ ఆమెదే. నువ్వు పక్కనుండు చాలు. ఈ రాత్రికే ఫ్లైట్. పాప కాన్సర్ట్ ఉందన్నావ్ కదా, సారీ అమ్మా.”

స్కూల్ గేటు దగ్గర పదకొండేళ్ళ అనన్య తల్లి మొహం చూడలేదు. “యూ ఆల్వేస్ సే టూ డేస్ అమ్మా,” అని లోపలికి వెళ్ళిపోయింది. వెళ్ళేవాళ్ళ చేతిలో కనీసం ఒక పెట్టె ఉంటుంది. ఉండిపోయేవాళ్ళ చేతులు ఖాళీ.

సోహార్ రంజాన్ కోసం సిద్ధమవుతోంది. సూపర్ మార్కెట్లలో ఖర్జూరం డబ్బాలు నిలువెత్తున పేర్చారు. మసీదుల పక్కన గుడారాలు లేస్తున్నాయి. కిరణ్మయి శాలరీ సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్‌గా చేరిన ఆఫీసులో, పనిగంటలు తగ్గిస్తూ సర్క్యులర్ అంటించారు. తేదీ ఉండవలసిన చోట ఖాళీ వదిలేశారు.

“ఎప్పట్నించి?” అని అడిగింది.

“బుధవారమో గురువారమో,” అన్నాడు క్లర్కు. “చంద్రుడు చెప్పాలి మేడం.”

కూరగాయలవాడూ అదే అన్నాడు. టాక్సీవాడూ అదే.

సోమవారం మధ్యాహ్నం హోటల్ లాబీలో నదీన్ కలిసింది. ఆకుపచ్చ సిల్కు చొక్కా, అత్తరు వాసన. ఆమె నడుస్తుంటే వెయిటర్లు ట్రేలు పట్టుకుని ఆగిపోయారు.

“బుధవారం సాయంత్రం, ఆరూ పదికి,” అంది గొంతు తగ్గించి. “మొదటి ఉపవాసం విడిచే వేళ. వీధుల్లో నరపురుగుండదు. రేవు నాలుగో గేటు గార్డులు కూడా లోపల తింటుంటారు. షిఫ్ట్ దిగి అతను నా తెల్లకారెక్కుతాడు. ఫోన్ పారేయమని చెప్పాను, పారేశాడు.”

ఆమె వెళ్ళాక కిరణ్మయి కాఫీ వదిలేసి బయటికొచ్చింది. గంగాలిన్‌కు ఫోన్ చేసింది.

“నదీన్ మన మనిషి కాదు సార్.”

“ప్రూఫ్?”

“ఈ ఊళ్ళో బతికినవాళ్ళెవరూ చంద్రుడి కంటే ముందు తేదీ చెప్పరు. ఆవిడ నిమిషాలతో సహా చెప్పింది.”

“అది నేను మినిస్టర్ ఫైల్లో ఎలా రాయనమ్మా?” రామ్మోహన్ నిట్టూర్చాడు. “శివప్రసాద్‌కి చెప్పే దారుందా?”

“లేదు. ఫోన్ లేదు, కంట్రోల్ రూమ్‌లోకి నన్ను రానివ్వరు. గేటు దగ్గరే ఆపాలి.”

ఆ సాయంత్రమే నదీన్ తెల్లకారు సరిహద్దు దాటి పక్కదేశానికి వెళ్ళింది. మంగళవారం సాయంత్రం అవతలి దేశంలో నెలవంక కనిపించిందన్నారు. ఒమన్‌లో కనిపించలేదు. ఇక్కడ ఉపవాసాలు గురువారం నుంచి.

బుధవారం ఆరు గంటలకు నాలుగో గేటు ముందు సగం సోహార్ ఉంది. రేపటికి సరుకులు కొనేవాళ్ళు, హారన్లు, ట్రాలీలు. సరిహద్దు నుంచి నేరుగా వచ్చిన తెల్లకారు ఆ రద్దీలో ఇరుక్కుని అంగుళం అంగుళం జరుగుతోంది. వెనక సీట్లో ఇద్దరు మగవాళ్ళు. గార్డులు నలుగురూ బయటే నిలబడ్డారు. ఒకతను నారింజ ఒలుచుకుంటున్నాడు.

బస్ స్టాప్‌లో నర్సు యూనిఫాంలో కిరణ్మయి. చేతిలో లిప్‌స్టిక్. అది పెదవులకు పూసుకునేది కాదు, కార్ల తలుపులు దూరంనుంచే లాక్ చేసి బిగించేది.

శివప్రసాద్ బయటికి వచ్చాడు. నెరిసిన జుట్టు, భుజాన చిన్న సంచి. తిన్నగా కారు దగ్గరికి నడిచి హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు.

“అన్నా, తెనాలి మామిడికాయలు ఇక్కడ దొరుకుతాయా?” వెనకనుంచి కిరణ్మయి అడిగింది.

చెయ్యి ఆగింది. అతను తిరిగి చూడకుండా, గంగాలిన్ ఆఫీసు ఎప్పుడో ఇచ్చిన కోడ్ పూర్తి చేశాడు. “దొరకవమ్మా. నూజివీడు నుంచి రావాలి.”

కిరణ్మయి లిప్‌స్టిక్ మెలితిప్పింది. నాలుగు తలుపులూ ఒక్కసారిగా బిగుసుకున్నాయి. వెనకున్నవాడు అద్దం పగలగొట్టబోయాడు, తుపాకీ మడమతో. నారింజ గార్డు తొన చేతిలో పట్టుకునే అది చూశాడు. నాలుగు రైఫిళ్ళు లేచాయి.

స్టీరింగ్ వెనక నదీన్ జనాన్ని చూస్తూ ఉండిపోయింది. ఇంతమంది ఎక్కడినుంచి వచ్చారో ఆమెకు చివరిదాకా అర్థం కాలేదు.

మస్కట్ ఎయిర్‌పోర్టు దారిలో శివప్రసాద్ ఒక్కటే అడిగాడు. “రూమ్మేట్‌కి ఒక్క మాట చెప్పొచ్చా? పదహారేళ్ళు ఒకే వంటగదమ్మా.”

“వద్దన్నా. అడిగితే అతను నిజంగానే తెలీదనాలి.”

అతను అద్దంవైపు తిరిగాడు. ఆమె రేడియో పెట్టలేదు.

శుక్రవారం గంగాలిన్ ఆఫీసులో అతనికి కొత్త పేరు, టూవూంబా అనే దూరపు ఊళ్ళో ఇంటి తాళాలు ఇచ్చారు. రామ్మోహన్ కాఫీ కలిపిచ్చాడు. శివప్రసాద్ కప్పు పట్టుకుని స్టేషనరీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

“ఏమైందతనికి?”

“రంజాన్ కదా సార్. అక్కడ ఏ మతంవాళ్ళూ పగటిపూట పదిమందిలో తాగరు.”

“ఇక్కడెవరమ్మా ఉపవాసం?”

కిరణ్మయి గోడ గడియారం చూసింది. కాన్సర్ట్ అయిపోయి మూడు రోజులు. “అది అతనికి తెలియడానికి టైమ్ పడుతుంది సార్,” అంది. “అందాకా గదిలో కుర్చీ ఒకటి వేయించండి.”