బంతి మొక్కకు క్యాన్ నీళ్లు

"ఒలే నాగసుధా! నీ బంతి మొక్క తలొంచీసింది సూడు!" ఢిల్లీబాబు స్కూలు వరండాలోంచి అరిచాడు.

నాగసుధ భోజనం కంచం కడగడం ఆపి పరుగెత్తింది. నిజమే. ఆకులు పసుపుపచ్చగా మారాయి. మొగ్గ వేలాడిపోయింది.

పక్కనే ఢిల్లీబాబు ఇసుక కుండీ, రాజేష్ ఎర్రమట్టి కుండీ నవనవలాడుతున్నాయి. నాగసుధది కొబ్బరి పొట్టు కుండీ. మూడింటిలోనూ బంతి మొక్కే. మూడింటికీ డ్రమ్ము నీళ్లే. పిల్లలు కంచాలు కడిగిన నీళ్లు గులకరాళ్లు, బొగ్గు, ఇసుక నింపిన డ్రమ్ముల్లోంచి దిగి తేటపడతాయి. తాగడానికి పనికిరావు. మరి మొక్కలకు పనికొస్తాయా? దేంట్లో పెంచితే బాగుంటుంది? అది తేల్చాలనే రాజకుమారి టీచర్ ఈ కుండీలు పెట్టించింది.

వజ్రపుకొత్తూరు దగ్గర ఊరది. అక్కడి బోరు నీళ్లు తాగితే కిడ్నీలు పాడవుతాయని అందరికీ భయం. తాగే నీళ్లు క్యాన్లతో కొనుక్కోవాలి. అది ఊరి తప్పు కాదు. అలాంటి చోట వాడిన నీళ్లను కాలవలోకి వదిలేస్తే ఎలా?

అంతలో తల్లిదండ్రుల కమిటీ పెద్ద సోమేశ్వరరావు వచ్చాడు. వాడిన మొక్కను చూసి మూతి తిప్పాడు.

"సెప్పినానా టీచరమ్మా? ఎంగిలి కంచాల నీళ్లు పోత్తే మొక్క బతుకుతాదేటి? రేపే ఆ డ్రమ్ములు తీయించేత్తాను."

"మిగతా రెండూ బాగున్నాయి కదండీ!" అంది టీచర్.

"ఒకటి సత్తంది గదా!"

ఒక్క మొక్కను చూసి తీర్పు చెప్పేశాడు. పెద్దవాళ్లకు ఇది అలవాటే.

టీచర్ ముఖం చిన్నబోయింది. ఆ గులకరాళ్లు ఆవిడ పిల్లలతో కలిసి మోసింది. నాగసుధ కూడా మోసింది. ఇప్పుడు నోరు మూసుకుంటే డ్రమ్ములు పోతాయి. నోరు తెరిస్తే అందరూ నవ్వుతారు.

తెరిచేసింది.

"డ్రమ్ము నీళ్లది తప్పు కాదండీ. నానే... క్యాన్ నీళ్లు కూడా పోసీసినాను."

"తాగే నీళ్లా? మొక్కకా?" ఢిల్లీబాబు కళ్లు పెద్దవి చేశాడు.

"మా మామ్మకి కిడ్నీ జబ్బు కదా! మంచినీళ్లే తాగాలని డాక్టరు గట్టిగా సెప్పినారు. నా మొక్కకీ కిడ్నీలు పాడైపోతాయేమోనని... డ్రమ్ము నీళ్లు పోసినాక నా సీసా నీళ్లు కూడా రోజూ పోసినాను."

"మొక్కకి కిడ్నీలేటే! రేపు దానికి పళ్లు కూడా తోముతావేటి?" అన్నాడు ఢిల్లీబాబు.

వరండా అంతా నవ్వులు. సోమేశ్వరరావు కూడా ఆపుకోలేకపోయాడు. నాగసుధకు కూడా నవ్వొచ్చేసింది.

టీచర్ కుండీలోంచి గుప్పెడు పొట్టు తీసి పిండింది. నీళ్లు ధారగా కారాయి.

"ఇసుక నీళ్లు వదిలేస్తుంది. పొట్టు పట్టుకుని కూర్చుంటుంది. నువ్వు డబల్ పోశావు. పాపం, వేళ్లకు గాలి ఆడలేదు."

సోమేశ్వరరావు పొట్టు వేళ్ల మధ్య నలిపాడు. కొబ్బరి తోట ఉన్న మనిషి.

"నిజమే. మా తోటలో పొట్టు కుప్ప వానకి తడిస్తే ఓ పట్టాన ఆరదు." గొంతు తగ్గింది. "సరే, ఉండనీండి డ్రమ్ములు. ఈ పిల్ల మొక్క లేత్తాదేమో సూద్దాం."

పాడైన వేళ్లు కత్తిరించి, తడి తక్కువున్న కొత్త పొట్టులో మొక్కను మళ్లీ నాటారు. బంతి మొండిది. కొన్నాళ్లకు కొత్త ఆకు తొడిగింది.

ఆకు తొడిగిన రోజు మధ్యాహ్నం నాగసుధ డ్రమ్ము దగ్గర మగ్గు నింపుకుని వచ్చింది. పోయబోయి ఆగింది. పొట్టులోకి వేలు దూర్చింది. చల్లగా, తడిగా తగిలింది.

"పోయవేటే?" అన్నాడు ఢిల్లీబాబు.

"దానికింకా దాహం లేదు." పక్క కుండీలో వేలు పెట్టి చూసింది. "ఒరే, నీ ఇసుక ఎండిపోనాది. జరుగు!"

మగ్గు నీళ్లన్నీ అందులో పోసేసింది.