ఏడో గది బెంచీ

నా బస్సు రోజుకి ఎనిమిదిసార్లు ఆ ఆర్ట్ గ్యాలరీ ముందు ఆగుతుంది. ఐదేళ్లుగా "గ్యాలరీ స్టాప్, దిగేవాళ్లు ముందుకు రండి" అని గొంతు చించుకోవడమే తప్ప, లోపల ఏముందో నేనెప్పుడూ చూడలేదు. ఆ మంగళవారం నాకు వీక్లీ ఆఫ్. అక్క నన్ను పడుకోనివ్వలేదు. సెలవంటే గోడకేసి తిరిగి పడుకోవడమేనా, కాస్త మనుషుల్లో పడమని బయటికి తోసి తలుపేసుకుంది. వాన పడుతోంది. ఎక్కడికెళ్లాలో తోచక అలవాటైన స్టాపులోనే దిగాను.

ఆరు గదులు తిరిగేసరికి కాళ్లు పీకేశాయి. ఏడో గదిలో గోడంత పెద్ద బొమ్మ, అంతా బూడిదరంగు. దానికెదురుగా వీపు ఆనించుకోవడానికి వీలున్న బెంచీ. బొమ్మ సంగతి దేవుడెరుగు, బెంచీ మాత్రం అద్భుతం. కూలబడ్డాను.

మూలన అటెండెంట్ అమ్మాయి నిలబడి ఉంది. నీలం కోటు, మెడలో కార్డు. ఒంటి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటోంది. బస్సులో రోజంతా నేను చేసే పనీ అదే.

గదిలో ఎవరూ లేరుగా, కూర్చోమన్నాను. ఆమె పర్లేదంటూ ఇంకా నిటారుగా నిలబడింది.

కాసేపాగి మళ్లీ మాట కదిపాను. డ్యూటీ ఎన్ని గంటలు, మధ్యలో బ్రేక్ ఇస్తారా, కాళ్లు నొప్పి పుట్టవా అని అడిగాను. ఒక్కో ప్రశ్నకీ ఆమె మొహం పాలిపోయింది. ఉన్నట్టుండి ఆ బొమ్మ ఎప్పుడు వేశారో, పొడుగెంతో, వెడల్పెంతో గబగబా అప్పజెప్పడం మొదలుపెట్టింది. నేను ఆవలించాను. అంతే, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రిపోర్ట్ రాసేసుకోండి సార్. ఇప్పటికే రెండు మెమోలున్నాయి. మూడోది వస్తే ఉద్యోగం పోయినట్టే. నాన్నకి ఏదో ఒకటి చెప్పుకుంటాలెండి."

విషయం మెల్లగా తెలిసింది. ఆఫీసువాళ్లు అప్పుడప్పుడూ ఎవరినో మామూలు సందర్శకుడిలా పంపించి, అటెండెంట్లు కూర్చుంటున్నారేమో చూస్తారట. అంతసేపు బొమ్మ ముందు కూర్చుని, బొమ్మని వదిలేసి తననే చూసేవాడు ఇన్‌స్పెక్టర్ కాక ఇంకెవరని ఆమె అనుమానం.

నేను కండక్టర్నండీ అంటే నమ్మలేదు. ప్యాంటు కాస్త పైకి లాగి, చీలమండకి చుట్టిన క్రేప్ బ్యాండేజీ చూపించాను. ఆమె గుమ్మం వైపోసారి చూసి, తన కాలు ముందుకు పెట్టింది. అక్కడా అలాంటి బ్యాండేజీయే. అప్పుడు నవ్వింది. అంత నీరసంలోనూ నాకా నవ్వు తెగ నచ్చేసింది.

"మీరసలు ఎప్పుడూ కూర్చోకూడదా?"

"విజిటర్‌కి ఒంట్లో బాగోకపోతే పక్కన కూర్చోవచ్చు. ఆ ఒక్కదానికే ఒప్పుకుంటారు."

ఐదే ఐదు నిమిషాలని బతిమాలి, బెంచీలో సగం ఖాళీ చేశాను. ఆమె భయపడుతూనే కూర్చుని, పెద్దగా ఊపిరి వదిలింది. అది వింటుంటే నా కాళ్ల నొప్పి కూడా తగ్గినట్టనిపించింది.

రెండు నిమిషాలు కూడా కాలేదు, వరండాలో బూట్ల చప్పుడు. సూపర్‌వైజర్ గుమ్మంలోకి వచ్చేశాడు. ఆమెకి లేచే వ్యవధి లేదు. నేను తల వెనక్కి వాల్చి కళ్లు తేలేశాను.

ఏమైందని అడిగాడాయన.

"కళ్లు తిరిగాయి సార్ ఈయనకి. పడిపోతుంటే పట్టుకుని కూర్చోబెట్టాను," అంది. మాట ఏమాత్రం తడబడలేదు.

ఆయన వంగి నా మొహం పరీక్షగా చూశాడు. నేను పెద్దగా నటించాల్సిన అవసరం లేకపోయింది, ఐదేళ్ల అలసట అక్కడే ఉంది. మంచినీళ్లు తెప్పించి, నేను తేరుకునేదాకా పక్కనుంచి కదలొద్దని ఆమెకి గట్టిగా చెప్పి వెళ్లిపోయాడు.

ఇద్దరం కదల్లేదు. అరగంటసేపు ఆ బూడిదరంగు బొమ్మని చూస్తూ కూర్చున్నాం. బయట వాన పడుతూనే ఉంది. ఇంతకంటే సుఖమైన సెలవు నాకు గుర్తులేదు.

చివరికి తెగించాను. "మీరు నాకు బాగా నచ్చారు. వచ్చే మంగళవారం మళ్లీ వస్తాను. కావాలంటే మళ్లీ కళ్లు తిరుగుతాయి."

"వద్దు," అంటూ ఆమె లేచి నిలబడింది.

ఆమె కోటు సర్దుకుని, ఒంటి బరువు మళ్లీ ఒక కాలి మీద వేసుకుని నా వైపు చూసింది.

"ఆ రోజు నేనూ సెలవు పెడతాను. అబద్ధం ఆడకుండా ఇద్దరం కూర్చునే చోటికి తీసుకెళ్లండి."