పచ్చరంగు లేని యాప్

"ఏయ్! అక్కడే ఆగండి! ఇంకో అడుగు వేశారంటే మంచు కరిగాక మిమ్మల్ని మళ్ళీ మే నెలలోనే చూస్తాం!"

తూరే ఉలిక్కిపడి ఆగిపోయాడు. ఒక చేతిలో కొయ్య సుత్తి, ఇంకో చేతిలో ఫోన్. చుట్టూ కనుచూపు మేర గడ్డకట్టిన సముద్రం. ఔలు ఊరి రేవులోని క్రేన్లు వెనకాల ఎక్కడో అగ్గిపుల్లల్లా కనిపిస్తున్నాయి. స్నో స్కూటర్ దిగిన అమ్మాయి ఒకతె రెండు చేతులూ ఊపుతోంది.

"పరవాలేదండీ! ముప్ఫయ్ రెండు సెంటీమీటర్ల మందం ఉంది!" అంటూ ఫోన్ ఎత్తి చూపించాడు.

"ఎవరు చెప్పారు?"

"నా యాప్."

"దానికి ఈత వచ్చా?"

తూరే ఫోన్ వైపు చూసుకున్నాడు.

"బోర్లా పడుకుని పాక్కుంటూ వెనక్కి రండి. నేను నవ్వులాటకి చెప్పట్లేదు."

నిజంగానే ఆ గొంతులో నవ్వు లేదు. సొంత కంపెనీ పెట్టుకున్న ముప్ఫయ్యేళ్ళ మనిషి, పసిపిల్లాడిలా పాక్కుంటూ వచ్చి ఆమె బూట్ల దగ్గర ఆగాడు.

ఆమె పేరు హెల్కా. శీతాకాలంలో ఎదురుగా ఉన్న ద్వీపానికి వెళ్ళే కార్లు సముద్రం మీదే పోతాయి. ఆ దారి పొడుగునా మంచు మందం కొలవడం ఆమె పని, ఆమె తండ్రి పని. నడుముకి తాడు కట్టుకుని, రెండో కొస స్కూటర్‌కి బిగించి, పొడవాటి ఇనప గడ పట్టుకుని తూరే నిలబడ్డ చోటికి జారుతూ వెళ్ళింది. గడతో మెల్లగా ఒకసారి తట్టి, తల పక్కకి వంచి విన్నది.

"ఏడు," అంది.

తర్వాత గడ ఎత్తి ఒక్క పోటు పొడిచింది. మంచు పగిలి నల్లటి నీళ్ళు పైకి ఉబికాయి. పగులు అంచున కొలబద్ద పెట్టి చూపించింది. సరిగ్గా ఏడు.

తూరే ఆ నీళ్ళని చూడటం మానేసి ఆమె చెవి వైపే చూస్తుండిపోయాడు. ఉన్ని టోపీ కింద చలికి ఎర్రబడిన మామూలు చెవి. రెండున్నరేళ్ళుగా తను రాసిన కోడంతా దాని ముందు వెలవెలబోయింది.

"పైన ఏడు, మధ్యలో నీళ్ళు, అడుగున పాత పలక. మీ ఫోన్ అన్నీ కలిపి కూడేసింది," అంది ఆమె మంచు దులుపుకుంటూ. "ఇంతకీ పేరేంటి?"

"తూరే."

ఆమె ఫక్కున నవ్వింది. చేతిలోని గడ ఎత్తి, "మంచు పొడిచే ఈ గడని తూరా అంటారు, తెలుసుగా! పేరులో పెట్టుకుని చేతిలో లేకుండా వచ్చేశారన్నమాట!"

* * *

తూరే చేస్తున్న యాప్ పేరు కైకు, అంటే ప్రతిధ్వని. మంచు మీద సుత్తితో కొడితే ఒక శబ్దం వస్తుంది. మందపు మంచుది ఒక స్వరం, పలుచటి మంచుది ఇంకో స్వరం. ఫోన్ దాన్ని విని మందం చెప్పాలి. వినడానికి ఇంతే. దీని మీద ఆశతో ఉద్యోగం మానేశాడు. మొదట కలిసిన భాగస్వామి కిందటేడు హెల్సింకీలో జీతం చూసుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు కంపెనీ అంటే తూరే ఒక్కడే.

ఒకప్పటి తోళ్ళ కర్మాగారంలో ఓ పెద్ద హాలుంది. ఊళ్ళోని చిన్న చిన్న కంపెనీల వాళ్ళంతా అక్కడే పని చేసుకుంటారు. గురువారం సాయంత్రం అందరూ ఒకచోట కూర్చుంటారు. ఎవరికి ఏది పాడైందో అది అందరికీ చూపించాలి. పనిచేస్తున్నది చూపిస్తే ఎవరూ పట్టించుకోరు.

ఆ గురువారం తూరే తన ముప్ఫయ్ రెండు గురించి చెప్పాడు. వెనక బెంచీ మీంచి ఒక గొంతు వినిపించింది.

"పాకడం గురించి కూడా చెప్పండి."

హెల్కా! రమ్మని పిలిచాడే గానీ నిజంగా వస్తుందనుకోలేదు. హాలంతా గొల్లున నవ్వింది.

అందరికంటే గట్టిగా నవ్విన పెద్దాయన ఓస్మో. ముప్ఫయ్యేళ్ళపాటు ఫోన్లకి మైకులు తయారు చేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. గురువారాలు యాలకుల బన్ను కోసం వస్తానంటాడు, కానీ బన్ను చేతిలోనే మర్చిపోయి కుర్రకారు గోలంతా వింటుంటాడు. ఆయనే హెల్కాని తెర దగ్గరికి తీసుకొచ్చాడు.

"అమ్మాయ్, ఆ రోజు నువ్వు గడతో కొట్టిన శబ్దాన్ని మనవాడు ఫోన్లో పట్టాడు. ఎలా ఉందో చూడు."

తెర మీద ఒక గీత లేచి, వంగి, చివర్న సన్నగా రెండుగా చీలింది. హెల్కా నోరు తెరిచి చూసింది. వేలు పెట్టి ఆ చీలికని ముట్టుకుంది.

"ఇదే... నేను వినేది ఇదే. మధ్యలో నీళ్ళుంటే చివర్న ఇలాగే రెండవుతుంది. చిన్నప్పట్నుంచి వింటున్నాను. దీనికి ఒక రూపం ఉందని నాకు తెలీదు."

ఆమె కళ్ళల్లో వెలుగు చూసి తూరే తన కాఫీ చల్లారిపోయిన సంగతి మర్చిపోయాడు.

ఆ మర్నాటి నుంచి ఇద్దరూ కలిసే సముద్రం మీదికి వెళ్ళారు. ఆమె బరమాతో మంచుకి కన్నం వేసేది, అతను సుత్తితో కొట్టి శబ్దం పట్టేవాడు. మీరు కాస్తా మూడో రోజుకి నువ్వు అయింది.

"నీ ఫోన్‌కి చలేస్తోంది, ఆరిపోయింది చూడు."

"లోపల చొక్కాలో పెట్టుకుంటే వెచ్చగా ఉంటుంది."

"అబ్బో! దానికున్న అదృష్టం అందరికీ ఉండదు."

ఆ మాట అనేసి ఆమె గబగబా బరమా తిప్పడం మొదలుపెట్టింది. తూరే సుత్తి రెండుసార్లు గురి తప్పి బూటు మీద పడింది.

* * *

మార్చి మొదట్లో పెట్టుబడి పెట్టే రిత్వా అనే ఆవిడ హెల్సింకీ నుంచి వచ్చింది. యాప్ ఆవిడకి నచ్చింది.

"అంకెలు ఎవరు చదువుతారు చెప్పండి? పచ్చరంగు పెట్టండి. పచ్చగా ఉంటే వెళ్ళొచ్చు, ఎర్రగా ఉంటే ఆగాలి. అంతే. అదుంటే మనం మాట్లాడుకోవచ్చు."

తూరే రెండు రోజుల్లో పచ్చరంగు పెట్టేశాడు. హెల్కాకి చెప్పలేదు. బాగుందంటుందనుకున్నాడు.

ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఇదేంటి?"

"వెళ్ళొచ్చు అని."

"మా నాన్న ముప్ఫయ్యొక్కేళ్ళుగా మంచు కొలుస్తున్నాడు తూరే. ఇంతవరకు ఒక్క మనిషికి కూడా వెళ్ళు అని చెప్పలేదు. ఎంత మందం ఉందో చెప్తాడు, ఏ గంటకి కొలిచాడో చెప్తాడు. ఎందుకో తెలుసా? గంట తర్వాత అది వేరే మంచు. వంద అడుగుల అవతల అది వేరే మంచు."

"కానీ హెల్కా, ఇది లేకపోతే డబ్బు రాదు. కంపెనీ..."

"ఈ రంగు చూసి ఒక చంటిపిల్లని స్లెడ్జి బండిలో కూచోబెట్టుకుని ఎవరైనా బయల్దేరితే?" ఆమె ఫోన్ తిప్పి అతనికే చూపించింది. "నీకు వినడం నేర్పాననుకున్నాను."

ఫోన్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె సముద్రం మీద ఒంటరిగానే పని చేసుకుంది.

తూరేకి ఆరు రోజులు అన్నం సయించలేదు. ఏడో రోజు గురువారం. హాల్లో లేచి నిలబడి, అందరి ముందూ కోడ్ తెరిచాడు.

"ఈ వారం పాడైంది యాప్ కాదు, నేనే. తెలీని దాన్ని తెలుసని చెప్పించాను," అని పచ్చరంగుకి సంబంధించిన వరసలన్నీ చెరిపేశాడు. "ఇప్పుడు రిత్వా గారి పెట్టుబడి రాదు. నా దగ్గర ఉన్నది మూడొందల శబ్దాలు. ఇది సరిగ్గా వినాలంటే రెండు వేలైనా కావాలి. అన్ని కన్నాలు నేనొక్కణ్ణే వేసేలోపు మంచు కరిగిపోతుంది."

ఓస్మో బన్ను పక్కన పెట్టి లేచాడు.

"బరమా ఎన్ని దొరుకుతాయి బాబూ?"

"ఏంటండీ?"

"ఆదివారం నాకేం పని లేదు. మీలో ఇంకెవరొస్తారు?"

ఒక్కొక్కరే చెయ్యెత్తారు. ఆటలు తయారు చేసేవాళ్ళు, బస్సు టికెట్ల యాప్ వాళ్ళు, ఒకరితో ఒకరికి పోటీ ఉన్నవాళ్ళు కూడా. లెక్క నలభైకి చేరింది.

నలభై మందిని మంచు మీదికి తీసుకెళ్ళాలంటే మంచు తెలిసినవాళ్ళు ఉండాలి. మర్నాడు పొద్దున్నే తూరే హెల్కా ఇంటికి వెళ్ళి తలుపు తట్టాడు. ఆమే తీసింది.

"పచ్చరంగు తీసేశాను. నీ కోసం కాదు, అది తప్పు కనక. ఆదివారం నలభై మంది వస్తున్నారు. నువ్వు రానంటే అందరికీ వద్దని చెప్పేస్తాను."

హెల్కా అతని మొహంలోకి చూసింది. లోపలికి తిరిగి, "నాన్నా! ఆదివారం నీ తాళ్ళన్నీ కావాలి," అని కేకేసింది.

* * *

ఆదివారం హెల్కా తండ్రి ఆర్వో ఒడ్డునే నిలబడి ఒక్కొక్కరి మెడలో మంచు మేకుల జత వేశాడు. పడితే వాటిని అంచున గుచ్చి పైకి రావాలి. ఎవరితోనూ మూడు మాటలకి మించి మాట్లాడలేదు. తూరే వంతు వచ్చినప్పుడు ఒక్కటే అన్నాడు: "పచ్చరంగు తీసేసింది నువ్వేనా?"

"నేనేనండీ."

ఆర్వో మేకుల తాడు కాస్త గట్టిగా బిగించి ముందుకి తోశాడు.

సాయంత్రం దాకా సముద్రమంతా సుత్తి చప్పుళ్ళే. ఒకరు కన్నం వేస్తే ఒకరు కొలిచారు, ఒకరు శబ్దం పట్టారు. వేళ్ళు కొయ్యబారినా ఎవరూ పోదామనలేదు. రెండు వేల నూట పది శబ్దాలు పోగయ్యాయి. వాటితోనే కైకు తర్వాత సరిగ్గా వినడం నేర్చుకుంది. తీర రక్షక దళం వాళ్ళే దాన్ని మొదట అడిగి తీసుకున్నారు. ఆ సాయంత్రానికి మాత్రం అవేవీ ఇంకా జరగలేదు. సూర్యుడు దిగాడు, చలి ఒక్కసారిగా పెరిగింది.

"అందరూ ఆగండి," అంది హెల్కా. "పనిముట్లు కింద పెట్టి పడుకోండి. చెవి మంచుకి ఆనించండి."

నలభై మంది గడ్డకట్టిన సముద్రం మీద బోర్లా పడుకున్నారు. ముందు ఏమీ వినపడలేదు. తర్వాత ఎక్కడో మైళ్ళ అవతల, ఆకాశమంత పొడవైన తీగని ఎవరో మీటి వదిలినట్టు ఒక స్వరం పుట్టింది. కింద నుంచి దొర్లుకుంటూ వచ్చి, అందరి ఒళ్ళూ దాటి, ఒడ్డు వైపు వెళ్ళిపోయింది. దాని వెనకే ఇంకొకటి. మంచు చలికి బిగుసుకుంటూ పాడుతోంది.

ఓస్మో చెంపల మీద కన్నీళ్ళు అక్కడే గడ్డకట్టాయి. "ఎన్ని లక్షల మైకులు చేశానో," అని గొణిగాడు. "ఒక్కటైనా దీనికి పెట్టి చూళ్ళేదు."

తూరే కళ్ళు తెరిచాడు. జానెడు దూరంలో హెల్కా మొహం, అదే మంచుకి చెవి ఆనించి.

"హెల్కా, నువ్వంటే నాకు ప్రాణం."

"తెలుసు."

"ఎలా?"

"నా పేరు పిలిచేటప్పుడు నీ గొంతు మారుతుంది. నీకు వినపడదు గానీ నాకు వినపడుతుంది."

"మరి నీ సంగతి?"

"నువ్వే విని చెప్పు," అని అతని చేతి తొడుగు లాగేసి, ఆ అరచెయ్యి తన మెడ దగ్గర పెట్టుకుంది. నాడి వేగంగా కొట్టుకుంటోంది. అంత చలిలోనూ ఆ చోటు వెచ్చగా ఉంది.

తల దగ్గర బూట్ల చప్పుడైంది. ఇద్దరూ తుళ్ళిపడి లేచారు. ఆర్వో నిలబడి ఉన్నాడు. తూరేని, తొడుగు లేని ఆ చేతిని మార్చి మార్చి చూశాడు.

"ఇంట్లో చేపల పులుసు ఉంది," అన్నాడు ఆర్వో. గొంతు సవరించుకుని, "ముగ్గురికి సరిపోతుంది," అన్నాడు.

మూడు మాటలకి మించి మాట్లాడిన తండ్రిని హెల్కా వింతగా చూసింది. అంతలో కాళ్ళ కింద మంచు మళ్ళీ మోగింది. ఈసారి దగ్గర్నుంచి, గంభీరంగా. ఆర్వో మెల్లగా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ స్వరం సముద్రం చివరిదాకా వెళ్ళి ఆగేంతవరకు ముగ్గురూ కదలకుండా నిలబడ్డారు.