పిందెల మీద కొట్టిన కానుగ

మణిగిరి రాజకుమారుడు జయకేతుడికి ఒక మంత్రగత్తె శాపం వల్ల ఒంటిమీద పాము పొలుసులు లేచేవి. రోజూ కానుగ నూనె పట్టిస్తేనే అణిగి ఉండేవి. పొలుసులు కళ్ళను కప్పేస్తే అతడు పామైపోతాడు. అటువంటిది, రాజ్యంలో ఉన్న ఒక్క కానుగనూ ఎవరో మోడు చేసేశారు. ఉన్న నూనె నిండుకుంది, పొలుసులు మెడదాకా పాకాయి. రోజూ ఆ చెట్టు దగ్గర తిరిగేవాడు కదా అని, గానుగ ఆడించే గంగులును రాజు చెరలో వేయించాడు.

నరికింది గంగులు కాదని, ఆ చెట్టున్న ఊరి రైతుపిల్ల పైడమ్మకు తెలుసు. పిందెలున్న కొమ్మల జోలికి పోకుండా, కింది కొమ్మలే ఎరువుకు కోసుకోవాలని ఊరి కట్టుబాటు. అందరికన్నా ముందు తన మడిలో నాట్లు పడాలన్న ఆత్రంలో చెట్టంతా కొట్టి, ఆ రొట్టను బురదలో తొక్కేసిన పిల్ల ఆమే. పైరు ఏపుగా వచ్చింది గాని, అన్నం గొంతు దిగడం లేదు. చెప్పేద్దామని కోటదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. చివరికి, నూనె తెచ్చేస్తే ఇక చెప్పనక్కర్లేదు కదా అనుకుంది. నూనె పోసుకునే సిద్దె, అదే తోలుసంచి, భుజాన వేసుకుని, పొలిమేర అవతల మనుషుల్ని మింగే రాక్షసి ఉండే, ఏడాది పొడవునా కానుగలు కాసే తోపుకు బయలుదేరింది. తప్పు చేసిన మనసు ఎన్ని అడ్డదారులు వెతుకుతుందో చూశారా, పిల్లలూ!

కనుమలో ఎలుగుబంటి అడ్డం నిలిచి, "నూనెకు ఇంతదూరమా? మీ చెట్టుకేమైంది?" అని గద్దించింది.

"గాలివానకు విరిగింది, మామా."

ఎలుగు దారి వదిలింది. ఖాళీ సిద్దె మాత్రం ఎందుకో బరువెక్కింది.

ఏటి ఒడ్డున మొసలి కూడా అదే అడిగింది. "దొంగలు కొట్టుకుపోయారు, తాతా" అంది పైడమ్మ. మొసలి ఆమెను వీపుమీద ఎక్కించుకుంది గాని, నడి ఏట్లో మునగసాగింది. "ఏం మోస్తున్నావే పిల్లా, కొండనా?" అని రొప్పుతూ ఎలాగో గట్టుకు చేర్చింది.

తోపులో రాక్షసి గానుగ తిప్పుతోంది. సిద్దె బరువుకు పైడమ్మ మోకాళ్ళమీద పడిపోయింది.

"మీ చెట్టును నరికిందెవరే?"

"నేనే!" పైడమ్మ బావురుమంది. "ఏ పాపం ఎరగని గంగులు మామ చెరలో ఉన్నాడు. నేను ఇంట్లో పడుకుంటున్నాను."

సిద్దె ఒక్కసారిగా తేలికైంది. రాక్షసి దాన్నిండా నూనె పోసి, పిడికెడు గింజలు ఆమె కొంగున కట్టింది.

"నన్ను మింగవా?"

"నిన్ను నువ్వే మింగేసుకుంటున్నావు. ఇంక నాకేం మిగిలిందే!"

ఆ నూనె కోటకు తెచ్చి రాజకుమారుడికి పట్టించగానే పొలుసులన్నీ రాలి, శాపమే వదిలిపోయింది. రాజు పొంగిపోయి ఏం కావాలో కోరుకోమన్నాడు. ఇప్పుడు నోరు మెదపకపోయినా ఆమెను అడిగేవారు లేరు.

"గంగులు మామను వదలండి, ప్రభూ" అంది పైడమ్మ. "చెట్టు నరికింది నేను."

గంగులును తీసుకొచ్చారు. పైడమ్మ అతని కాళ్ళమీద పడింది.

"నాకు తెలుసు తల్లీ. నువ్వు రొట్ట తొక్కుతుంటే గట్టుమీంచి చూశాను."

"మరి చెప్పలేదేం, మామా?"

"చెబితే నిన్ను వేసేవారు ఆ చెరలో. చిన్నదానివి, చీకటికి భయపడతావని..."

అతను తిట్టినా బాగుండేదనిపించింది పైడమ్మకు. వెక్కి వెక్కి ఏడ్చింది.

రాజు ఆమెను క్షమించి, గింజలు నాటి తోపు పెంచే పని అప్పగించాడు. తోపు కాపుకొచ్చిన ఏడు జయకేతుడు ఆమెను పెళ్ళాడాడు. రాణి అయ్యాక కూడా ఏటా తొలి నూనెను పైడమ్మ తానే గంగులు ఇంటికి మోసుకెళ్ళి, సంకెళ్ళు ఒరుసుకుపోయిన అతని కాళ్ళకు రాసేది.