నొప్పి తెలియని నగరం

2074 నాటికి నగర ప్రణాళిక చదివే విద్యార్థి చివరి పరీక్షను కాగితం మీద రాయడం లేదు. తాను గీసిన నగరంలో ఒక రోజు బతికి రావాలి.

అందుకోసం ఆచార్య వరహాలమ్మ తయారుచేసిన యంత్రం పేరు 'నివాసిని'. ప్లాన్‌ని అందులో ఎక్కించి, సెన్సర్లున్న శిరస్త్రాణం తలకు తగిలించుకుంటే, ఆ నగర జనాభాలోంచి ఒక మనిషిని యంత్రమే ఎంచుతుంది. నలభై నిమిషాల్లో విద్యార్థి ఆ మనిషిగా ఒక పూర్తి రోజు గడపాలి. నడకకు కాళ్ళు లాగుతాయి, ఎండకు నాలుక పిడచకట్టుకుపోతుంది. ఆ బాధ హద్దు దాటితే ప్లాన్ తప్పినట్టే.

ఇరవై ఏళ్ళు చలిదేశాల పుస్తకాలతో పాఠాలు చెప్పి విసిగిపోయిందామె. ఆ పుస్తకాల్లో వీధంటే కార్లు పోయే చోటు. మన వీధిలో కూరలమ్ముతారు, బట్టలు ఇస్త్రీ చేస్తారు, పెళ్ళి పందిరి వేస్తారు. ఆ మనుషులెవరూ సిలబస్‌లో లేరు.

ఆ ఏడాది క్లాసులో మొదటి ర్యాంకు గౌరీశ్వరిది. ఓడరేవు పక్కన కొత్త పట్టణం గీసి, జాలరిపేటను తొమ్మిది కిలోమీటర్లు లోపలికి జరిపింది. యంత్రం ఆమెను చేపలమ్మే మనిషిని చేసింది. శిరస్త్రాణం తీసేసరికి వెక్కివెక్కి ఏడుస్తోంది.

"రెండు బస్సులు మారాను మేడమ్. గంప ఉందని మూడోది ఎక్కనివ్వలేదు. రోజంతా ఒక్క మరుగుదొడ్డి కనబడలేదు. నేనే గీశాను కదా, ఒక్కటీ పెట్టలేదు! మళ్ళీ గీస్తాను."

డెబ్భై మందిలో అరవై ఒక్కరు తప్పారు. ఉపకులపతి పట్నాయక్ మండిపడ్డాడు. "ఇంతమందిని ఫెయిల్ చేస్తే రేపు మన దగ్గరికి ఎవరొస్తారు మేడమ్?"

"ఫెయిలయింది ప్లాన్లు సార్. ఆ సంగతి ఇక్కడ తెలియకపోతే, కట్టాక జనానికి తెలుస్తుంది. ఒక్కసారి మీరు కూర్చోండి."

కూర్చున్నాడు. గౌరీశ్వరి గీసిన పట్టణంలోనే, అదే చేపలమ్మే మనిషిగా. లేచాక రెండు గ్లాసుల నీళ్ళు గటగటా తాగాడు. కళ్ళు తడిశాయి. వరహాలమ్మకు ఆశ కలిగింది.

"ఘోరం వరహాలమ్మగారూ," అన్నాడు మోకాళ్ళు నొక్కుకుంటూ. "యంత్రంలో ఈ నొప్పి, ఈ దాహం తగ్గించలేరా?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "ముందు ఊళ్ళో తగ్గించండి సార్! యంత్రం మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వను."

వారం తిరగకుండానే ఆమెను ప్రయోగశాల నుంచి తప్పించి, యంత్రంలో నొప్పిని సున్నాకు దించేశారు. మళ్ళీ పరీక్ష పెట్టారు. అందరూ పాసయ్యారు, గౌరీశ్వరి తప్ప. ఆమె శిరస్త్రాణం పెట్టుకోనంది. ఆమె మొదట గీసిన ప్లాన్‌ని మాత్రం పట్నాయక్ పంపగా ప్రభుత్వం ఆమోదించింది.

ఏడాదిలోగా పదకొండు వర్ధమాన దేశాల విశ్వవిద్యాలయాలు నివాసినిని తెప్పించుకున్నాయి. అన్నీ నొప్పి లేని కొత్త నమూనానే అడిగాయి.